పామర్రులో అందరం తడిశాం

ఇంగ్లీషులో గెట్ అన్న మాట వింటే నాకు ఇప్పటికీ నడుం నొప్పి గుర్తొస్తుంది. ఆ మాటని నేను ఎక్కువగా బస్సు దిగిన పది నిమిషాలకే చెప్పాల్సి వచ్చేది. తొంభైల్లో వారంలో ఐదు రోజులు గుడివాడలో, శనివారం బందరులో, ఆదివారం అవనిగడ్డలో ఇంగ్లీషు చెప్పేవాణ్ణి. ఎక్కడా పర్మనెంటు కాదు, అన్నీ ట్యుటోరియల్సే. డిగ్రీ ప్రైవేటుగా కట్టినవాళ్ళు, ఇంగ్లీషు పేపరు ఒకటికి రెండుసార్లు పోయినవాళ్ళు మొహాలు వేలాడేసుకుని వచ్చి కూర్చునే చోట్లు. నా మొహం వాళ్ళ మొహాలకేమీ తీసిపోయేది కాదు.

ఆదివారం ప్రయాణం మరీ దారుణం. పొద్దున్నే గుడివాడలో బస్సెక్కి పామర్రులో దిగాలి. అక్కడ చల్లపల్లి మీదుగా అవనిగడ్డ వెళ్ళే బస్సు కోసం ఎండకో వానకో నిలబడాలి. వచ్చిన బస్సులో సీటుండదు. అవనిగడ్డలో ఒక ఎరువుల కొట్టు మీద గదిలో క్లాసు. కింద నుంచి యూరియా వాసన పైకి కొడుతూ ఉండేది.

డిగ్రీ ఇంగ్లీషు పేపర్లో ఒక ప్రశ్నంటే అందరికీ హడల్. ఫలానా క్రియని ఐదు వేర్వేరు అర్థాల్లో మీ సొంత వాక్యాల్లో ప్రయోగించండి అని ఇస్తారు. టేక్ రావచ్చు, పుట్ రావచ్చు. చాలాసార్లు గెట్ వచ్చేది. నిఘంటువు తీస్తే దానికి పేజీలకి పేజీలున్నాయి. పొద్దున లేవడానికి గెట్, బస్సెక్కడానికీ దిగడానికీ గెట్, ఉత్తరం అందడానికి గెట్, వానలో తడవడానికి గెట్, కోపం రావడానికి గెట్, పెళ్ళి కావడానికీ అదే. మొదటి రెండు మూడేళ్ళు నేనూ ఉత్సాహంగానే చెప్పాను. లేనిది చేతికి రావడం, ఉన్న స్థితి మారడం, ఉన్న చోటు మారడం అని బోర్డు మీద మూడు గీతలు గీసి విడదీసి చూపించేవాణ్ణి. వెనక బెంచీలోంచి ఎవరో ఒకరు లేచి, "అదంతా సరేగానీ మాస్టారూ, పరీక్షకి ఏం రాయాలో అది చెప్పండి" అనేవారు.

అడిగి అడిగి నన్ను ఓడగొట్టారు. ఒకరోజు కూర్చుని పన్నెండు వాక్యాలు రాసి జిరాక్సు తీయించాను. ఆలోచించే ఓపిక లేక నా బతుకులోంచే తీసి పడేశాను. నేను ఐదింటికి లేస్తాను. నేను గుడివాడలో బస్సెక్కుతాను. నాకు సీటు దొరకదు. నాలుగోది, నేను పామర్రులో తడిశాను. మా మావయ్య దగ్గర్నుంచి ఉత్తరం అందింది, మా చెల్లెలికి పెళ్ళయింది, ఇలా సాగి పన్నెండోది "ఐ గాట్ టైర్డ్" అని ముగిసేది. నేను అలిసిపోయాను. మొత్తం కాగితంలో మనసు పెట్టి రాసింది అదొక్కటే.

మా ట్యుటోరియల్స్ లోకంలో సొంత వాక్యం అంటే మాస్టారి సొంత వాక్యం. ఇది నేను కనిపెట్టింది కాదు. ప్రతి మాస్టారికీ ఒక జిరాక్సు కాగితం ఉండేది. పిల్లలు దాన్ని అక్షరం పొల్లుపోకుండా బట్టీపట్టి రాసొచ్చి, "సొంత వాక్యాలన్నీ రాసేశాం మాస్టారూ" అని సంబరంగా చెప్పేవాళ్ళు. నేను మెచ్చుకునేవాణ్ణి కూడా.

ఆ అవనిగడ్డ క్లాసులోకి ఒక ఏడాది ఒకావిడ వచ్చి చేరింది. ముప్పై దాటిన మనిషి. కోడూరు దాటి ఇంకా సముద్రం వైపు వెళ్తే వచ్చే ఒక పల్లెలో అంగన్‌వాడీ టీచరు. పుట్టింటివాళ్ళూ అత్తింటివాళ్ళూ చేపల వేట మీద బతికేవాళ్ళే. సూపర్‌వైజరు పోస్టులు పడబోతున్నాయనీ, వాటికి డిగ్రీ ఉండాలనీ, ఈసారి తప్పితే తనకి వయసు దాటిపోతుందనీ మొదటిరోజే చెప్పింది. బీఏ అంతా గట్టెక్కింది, ఇంగ్లీషు ఒక్కటే మూడుసార్లు పోయింది. "ఇదొక్కటీ దాటించండి మాస్టారూ, మీకు పుణ్యముంటుంది" అంది.

నేను గెట్ గురించి చెప్తున్న రోజున క్లాసంతా ఆవలిస్తుంటే ఆవిడొక్కతే నవ్వింది. ఎందుకమ్మా నవ్వుతున్నారు అని కాస్త విసుగ్గానే అడిగాను.

"ఏం లేదండి. దీనికెందుకు ఇంత భయపడటం, మనకి పట్టు అనే మాట లేదా అని. ముసురు పట్టింది అంటాం, నిద్ర పట్టింది అంటాం, ఇనుముకి తుప్పు పట్టింది అంటాం. పడిశం పడుతుంది, చెమట పడుతుంది. మావోళ్ళు చేపలు పడతారు. ఇక్కడికి రావడానికి నాకు గంటన్నర పట్టింది. ఇన్ని ఎవరు నేర్పారండి మనకి? వాడుకుంటా పోతే వచ్చినియ్యి."

అన్నేళ్ళు మూడు గీతలు గీసి నేను చెప్పలేకపోయింది అదే. కానీ అప్పటికి పదిన్నర దాటింది. పామర్రులో గంటసేపు నిలబడి, అవనిగడ్డ దాకా కమ్మీ పట్టుకుని వేలాడి వచ్చాను. సరే సరే, కాగితం చూడండి అన్నాను.

మరుసటి ఆదివారం ఆవిడ ఐదు వాక్యాలు రాసుకొచ్చింది. అన్నీ తన ఊరివే. గాలి తగ్గాక పడవలు వెళ్తాయని ఒకటి, వల చిరిగిందని ఒకటి, వాళ్ళమ్మ గంప నెత్తిన పెట్టుకుని బజారుకి వెళ్తుందని ఒకటి, పడవ తొమ్మిదింటికి తిరిగొచ్చిందని ఒకటి. తప్పులున్నాయి. దిద్దితే పోయే తప్పులు. మూడో వాక్యంలో మాత్రం తప్పు లేదు. "ద చిల్డ్రన్ గెట్ హంగ్రీ బిఫోర్ ద ఫుడ్ గెట్స్ రెడీ." అంగన్‌వాడీలో నూక ఉడికేలోపే పిల్లలకి ఆకలేస్తుంది. ఒకే వాక్యంలో రెండుసార్లు వాడింది, రెండూ సరిగ్గా వాడింది. నేను పదేళ్ళలో అలాంటి వాక్యం ఒక్కటి రాయలేదు.

దిద్దుతూ కూర్చుంటే ఒక్కొక్కదానికీ ఎందుకో చెప్పాలి. నాకు ఓపిక లేదు. ఎర్ర పెన్నుతో ఐదింటినీ అడ్డంగా కొట్టేశాను. "ప్రయోగాలు చెయ్యకండమ్మా. నేనిచ్చిన పన్నెండూ నోటికి రావాలి, అంతే" అన్నాను. ఆవిడ ఆ కాగితాన్ని మడిచి సంచిలో పెట్టుకుంది. పరీక్షల లోపు పన్నెండూ గడగడా అప్పజెప్పింది. ఎప్పుడూ బస్సులో పామర్రు దాకా కూడా రాని మనిషి, పామర్రులో తడిశానని ఎంత గట్టిగా చెప్పేదో.

ఆ ఏడాది పరీక్షలో గెట్ వచ్చింది. క్లాసులో అందరూ పండగ చేసుకున్నారు. ఫలితాలొచ్చిన రోజున చూస్తే, గుడివాడ, బందరు, అవనిగడ్డ మూడు చోట్లా నా దగ్గర చదివినవాళ్ళ నంబర్లన్నీ పక్కన పెట్టేశారు. ఫలితం ఆపేశారు. మాస్ కాపీయింగ్ అన్నారు.

బందరులో ఒక కాలేజీలో విచారణ పెట్టారు. మా పిల్లలు నా పేరు చెప్పడంతో నన్నూ రమ్మన్నారు. విచారణకి వచ్చినాయన పెద్దమనిషి. ఆయన ముందు జవాబు పత్రాల కట్ట ఉంది. నన్ను కూర్చోమని, కళ్ళజోడు సవరించుకుని అడిగాడు.

"ఏమండీ, మీ పామర్రులో ఏమన్నా తుఫాను వచ్చిందా? మూడు సెంటర్లలో ఇంతమంది ఒకేసారి ఎలా తడిశారు?"

నా జిరాక్సు కాగితం తీసి ఆయన ముందు పెట్టాను. "తడిసింది నేనండి. వీళ్ళు ఎవర్నీ చూసి రాయలేదు. నేనిచ్చింది బట్టీపట్టారు. తప్పంటే నాది" అన్నాను.

ఆయన కాగితం మొత్తం చదివాడు. "మీరు ఇంగ్లీషు మాస్టారేగా. ఇవి కాకుండా గెట్ పెట్టి వేరే వాక్యం ఒకటి చెప్పండి" అన్నాడు. వెటకారం లేదు ఆయన గొంతులో, మామూలుగానే అడిగాడు. నోరు తెరిచాను. నేను ఐదింటికి లేస్తాను, అని వచ్చింది. ఆపి మళ్ళీ మొదలుపెట్టాను. నేను గుడివాడలో బస్సెక్కుతాను. మూడోసారి, నాకు సీటు దొరకదు అని వచ్చింది. అంత సిగ్గు నా జన్మలో ఎప్పుడూ పడలేదు.

తర్వాత పిల్లల్ని ఒక్కొక్కరినే పిలిచి తెల్లకాగితం ఇచ్చారు. గెట్ పెట్టి ఐదు వాక్యాలు రాయమన్నారు. ఎక్కువమంది మళ్ళీ పామర్రులోనే తడిశారు. ఆవిడ వంతు వచ్చింది. కోడూరు నుంచి తెల్లారకముందే బయల్దేరి వచ్చినట్టుంది, కళ్ళు పీక్కుపోయి ఉన్నాయి. కూర్చుని, తల ఎత్తకుండా ఐదు నిమిషాల్లో రాసిచ్చింది. ఆయన చదివి, ఒకచోట ఆగి, మళ్ళీ చదివాడు.

"ఇవెవరిచ్చారమ్మా మీకు?"

"ఎవరూ ఇవ్వలేదండి. మాస్టారు కొట్టేసినవేనండి" అంది.

ఆయన నా వంక చూశాడు. నేను కిటికీ వంక చూశాను.

ఆయన మంచివాడే. కాపీ కాదు, బట్టీ అని రాసి అందరినీ వదిలేయమని సిఫారసు చేశాడు. కానీ ఆ కాగితం బందరు నుంచి పైకి వెళ్ళాలి, అక్కడ ఎవరో చూడాలి, సంతకాలయి తిరిగి కిందకి రావాలి. ఈలోపు సూపర్‌వైజరు పోస్టులు పడ్డాయి. దరఖాస్తుల గడువూ అయిపోయింది. ఫలితం ఆ తర్వాత మూడు వారాలకి వచ్చింది.

ఆ ఆదివారం క్లాసయ్యాక అవనిగడ్డ బస్టాండులో ఆవిడ కనిపించింది. చేతిలో మార్కుల లిస్టు. "పాసయ్యానండి మాస్టారూ" అంది. మరి పోస్టు సంగతేమిటని నేను అడగలేదు. తనే చెప్పింది, ఇక వయసు లేదండి, ఉన్న అంగన్‌వాడీయే నయమనుకోవాలి అని. కోపంగా అంటే తట్టుకునేవాణ్ణి. నాకు ధైర్యం చెప్తున్నట్టుగా అంది.

కోడూరు బస్సు వచ్చి ఆగింది. ఆవిడ సంచి సర్దుకుని రెండడుగులు వేసి వెనక్కి తిరిగింది.

"మాస్టారూ, ఆ రోజు నేను రాసుకొచ్చినవాటిలో ఒక్కటన్నా కరెక్టుగా ఉందాండి?"

"ఉందమ్మా. మూడోది. అక్షరం తప్పు లేదు."

"మరెందుకు కొట్టేశారండి?"

ఏదైనా అబద్ధం చెప్పి ఉండొచ్చు. తోచలేదు. "ఆ రోజు అలిసిపోయానమ్మా" అన్నాను.

ఆవిడ సంచి భుజానికి తగిలించుకుంది. "అది మీ కాగితంలో పన్నెండోదండి" అంది. అని బస్సెక్కి వెళ్ళిపోయింది.