మంకు స్ప్రింగు

పక్కింటివాడి మీద కుళ్ళు పుడితే ఇంటికొచ్చి పెళ్ళాం దగ్గర వెళ్ళగక్కుకోవచ్చు. ఆ కుళ్ళేదో పెళ్ళాం మీదే పుడితే ఎవరికి చెప్పుకోవాలి? దుర్గాప్రసాద్‌కి వచ్చిపడిన కష్టం అలాంటిది. పాపం అనాలో వద్దో నేను చెప్పను, మీరే చెప్పండి.

అతని తండ్రి శృంగవరపుకోట నుంచి కొండెక్కి వచ్చి డుంబ్రిగుడలో కిరాణా కొట్టు పెట్టుకున్న మనిషి. సంతరోజున కొట్టు ముందు ఇసకేస్తే రాలనంత జనం. కొడుకు మాత్రం ఉప్పూ పప్పూ తూచనని మొరాయించి, విశాఖ వెళ్ళి ఫిజిక్స్‌లో ఎమ్మెస్సీ చేసి, తొంభై ఆరులో మళ్ళీ కొండమీదికే వచ్చాడు. గిరిజన బాలికల గురుకుల జూనియర్ కాలేజీలో లెక్చరరు. కాలేజీకి ఉన్నదే ఒక్క ఫిజిక్స్ లెక్చరరు. సాయంత్రం క్వార్టర్ వరండాలో పుస్తకాలు పట్టుకుని ఆడపిల్లలు బారులు తీరేవారు. లోపల కాఫీ తాగుతూ వాళ్ళని కాసేపు ఆగనివ్వడం అతనికి భలే ఇష్టం. ఎవరి కోసమో నలుగురు ఆగుతున్నారంటే ఆ మనిషికి విలువ ఉన్నట్టే కదా!

తొంభై ఎనిమిదిలో సుష్మతో పెళ్ళయింది. ఆమెది గజపతినగరం వైపు, బీయస్సీ చదివింది. ఇంకా చదువుతానంటే దూరవిద్యలో ఎమ్మెస్సీకి అతనే ఫీజు కట్టాడు, వంటింట్లో పీట వేసుకుని అతనే పాఠాలు చెప్పాడు. పెళ్ళాన్ని చదివించిన మగాడని కాలనీలో పేరు కూడా తెచ్చుకున్నాడు. నిజం చెప్పాలంటే ఆమెకి అర్థంకాని రోజున అతనికి అన్నం ఓ ముద్ద ఎక్కువే దిగేది.

రెండువేల నాలుగులో రెండో ఫిజిక్స్ పోస్టు వచ్చింది. కాంట్రాక్టు మీద సుష్మ చేరింది. మొదటి నెల అతనే ఆమెకి నోట్సు సరిదిద్దాడు. రెండో నెలలో ఓ సాయంత్రం తలుపు చప్పుడైతే తీశాడు. ఎదురుగా రత్న, ముంచింగిపుట్టు వైపు నుంచి వచ్చిన మొదటి సంవత్సరం పిల్ల. అతని భుజం మీంచి లోపలికి తొంగిచూసి, "మేడమ్ ఉన్నారా సార్?" అంది.

అదీ మొదలు. ఆ ప్రశ్న రోజూ వినబడేది. తలుపు తీసేది అతను, వాళ్ళకి కావలసింది ఆమె. సొంత ఇంటి గుమ్మంలో దుర్గాప్రసాద్ బంట్రోతు అయిపోయాడు. పైకి మాత్రం, "సుష్మా, నీకోసమే" అని తియ్యగా పిలిచేవాడు.

ఓ రోజు వరండాలో నడుస్తుంటే ఆమె తరగతి వినబడింది. స్ప్రింగు స్థిరాంకం చెబుతోంది.

"ప్రతి స్ప్రింగుకీ ఒక మంకుపట్టు ఉంటాదే. ఒక్క మీటరు సాగవే అంటే, ఇన్ని న్యూటన్లు ఇస్తేగానీ సాగనంటాది. ఆ అడిగే లెక్కే దాని స్థిరాంకం. మెత్తనిది తక్కువడుగుతాది, గట్టిది ఎక్కువడుగుతాది."

"అయితే మా వార్డెన్ మేడమ్ స్థిరాంకం శానా ఎక్కువ మేడమ్!" అని ఎవరో అన్నారు. తరగతి ఘొల్లుమంది.

దుర్గాప్రసాద్ గోడవార నిలబడిపోయాడు. ఎనిమిదేళ్ళుగా అతను ఆ పాఠం చెబుతున్నాడు. "బలాన్ని సాగుదలతో భాగిస్తే స్ప్రింగు స్థిరాంకం. రాసుకోండి" అనేవాడు. రాసుకునేవారు. ఎవరూ నవ్వలేదు. మంకుపట్టు అన్న మాట తనకెందుకు తట్టలేదని అతనికి తన మీదే ఒళ్ళు మండింది. ఆ మంట తన మీద ఎంతోసేపు నిలవలేదు, చల్లగా భార్య మీదికి మళ్ళింది.

ఇంటికి రాగానే అందుకున్నాడు. "మంకుపట్టేమిటి? పరీక్షలో అలా రాస్తే మార్కులు వేస్తారా?"

"పరీక్షలో మీరు చెప్పిందే రాస్తార్లెండి. ముందు అర్థమైతే కదా రాయడానికి" అంది సుష్మ చారు పోపు పెడుతూ. ఆమె మాటలో ఏ ముల్లూ లేదు. అతనికి మాత్రం గుచ్చుకుంది.

మరుసటి ఏడాది పాడేరులో సైన్స్ ఫెయిర్ వచ్చింది. ఏటా పిల్లల్ని తీసుకువెళ్ళేది అతనే. ఈసారి ప్రిన్సిపాల్ పిలిచి, "సుష్మ మేడమ్‌ని పంపుదాం సార్, పిల్లలు ఆవిడ దగ్గర హుషారుగా ఉన్నారు. మీకూ కాస్త రెస్టు" అన్నారు. ముప్ఫై ఆరేళ్ళవాడికి రెస్టు ఏమిటి? ఆ మాట రిటైర్మెంటులా వినబడింది. "చాలా సంతోషం మేడమ్" అని నవ్వి బయటికొచ్చి, సైకిల్ స్టాండుని ఒక్క తన్ను తన్నాడు.

సుష్మ ఎంచుకున్నది స్ప్రింగు స్థిరాంకమే. విశాఖ నుంచి చిటికెనవేలు లావున కొత్త స్ప్రింగు తెప్పించింది. రెండు కొసలా కొక్కేలు, చుట్లన్నీ ఒకదానికొకటి అతుక్కుని నిగనిగలాడుతోంది. మామగారి కొట్టునుంచి అరకిలో తూనికరాళ్ళు అడిగింది. "కోడలడిగితే కొట్టే ఇచ్చీగల్ను" అన్నాడు ముసలాయన. కొడుకు అడిగితే ఏనాడూ అలా అనలేదు.

వంటింటి గుమ్మానికి స్ప్రింగు వేలాడదీసి, పక్కన స్కేలు కట్టి, రత్న చేత సాధన చేయించింది. అక్కడ చిక్కొచ్చి పడింది. అరకిలో వేస్తే స్ప్రింగు కదల్లేదు. కిలో వేసినా కదల్లేదు. కిలోన్నర వేస్తే రెండు సెంటీమీటర్లు సాగింది, రెండు కిలోలకి నాలుగు. బలాన్ని సాగుదలతో భాగిస్తే ఓసారి ఏడువందల ముప్ఫై ఐదు, ఇంకోసారి నాలుగువందల తొంభై.

"స్థిరాంకం అన్నారు కదా మేడమ్, స్థిరంగా నేదేటి?" అంది రత్న.

సుష్మకి నవ్వొచ్చింది, భయమూ వేసింది. జడ్జీల ముందు రెండు రాళ్ళు వేసినా స్ప్రింగు కదలకపోతే పరువేం కాను? భర్త దగ్గరికి వచ్చింది. "ఏవండీ, మొదటి కిలో ఎటు పోతందంటారు? మీకు తెలిసుంటాది, బేగి చెప్పండి."

అతనికి తెలీదు. తెలీదన్న ముక్క చెప్పడానికి నోరు పెగల్లేదు. "స్ప్రింగు నువ్వు కొన్నావు, నువ్వే చూసుకో" అని పేపరు అడ్డం పెట్టుకున్నాడు. పేపరు వెనక మొహం వెలిగిపోయింది. ఆమె మళ్ళీ అడిగింది, మర్నాడూ అడిగింది. అడిగించుకోవడం ఎంత హాయిగా ఉందో, ఏడాదిగా ఆ హాయి ఎరగడు మరి.

ఫెయిర్ ముందురోజు సాయంత్రం ముందుగదిలో సుష్మ, రత్న చార్టుకి రంగులు వేస్తున్నారు. వంటింట్లో కుక్కరు పొయ్యిమీద ఉంది. మంచినీళ్ళకి వెళ్ళిన దుర్గాప్రసాద్‌కి గుమ్మానికి వేలాడుతూ స్ప్రింగు కనబడింది. మనసులో ఓ మాట మెదిలింది. ఏటా అతను పిల్లలకి రాయించే మాటే: స్థితిస్థాపక అవధి దాటి లాగితే స్ప్రింగు మళ్ళీ యథాస్థితికి రాదు.

ఒక కొక్కెం కిటికీ ఊచకి తగిలించాడు. రెండో కొక్కెంలో అప్పడాల కర్ర దూర్చి, రెండు చేతులా పట్టుకుని, గోడకి కాలు తన్నిపెట్టి వెనక్కి వాలాడు. స్ప్రింగు సాగింది. అతని పళ్ళు బిగుసుకున్నాయి. మేడమ్ ఉన్నారా సార్, మీకూ కాస్త రెస్టు, కోడలడిగితే కొట్టే ఇచ్చీగల్ను. అన్నీ కలిపి లాగాడు. చేతుల కింద ఇనుము ఒక్కసారి మెత్తబడినట్టు తెలిసింది. ఇంకా లాగబోయేంతలో కుక్కరు కూత పెట్టింది. ఉలిక్కిపడి వదిలేశాడు.

స్ప్రింగుని మళ్ళీ గుమ్మానికి తగిలించేసరికి సుష్మ వచ్చింది పొయ్యి కట్టడానికి. "అప్పడాల కర్ర ఎందుకండీ సేతిలో?"

"చపాతీలు... చపాతీలు చేద్దామని" అన్నాడు.

సుష్మ ముఖం విప్పారింది. జన్మలో గరిట ముట్టని మనిషి! ఇక తప్పుతుందా, పిండి కలపాడు, ఒత్తాడు, కాల్చాడు. ఒక్కటీ గుండ్రంగా రాలేదు. "సార్ బాగా సేసినారు" అని రత్న నాలుగు తింది. కరెంటు పోయిన చీకట్లో చూసుకోకుండా సుష్మ స్ప్రింగుని గుడ్డలో చుట్టి సంచిలో పెట్టేసుకుంది.

మర్నాడు అతను కూడా సెలవు పెట్టి బస్సెక్కాడు. భార్య ఓడిపోతుంటే చూడ్డానికి కాదట, ఓదార్చడానికట. అలా అని తనకి తానే నచ్చజెప్పుకున్నాడు. ఇంకో ఏర్పాటు కూడా ఉంది లోపల. లెక్కలు తప్పి ఆమె తెల్లమొహం వేశాక తను లేచి వెళ్ళాలి, సుద్దముక్క అందుకోవాలి, నాలుగు మాటల్లో పరువు నిలబెట్టాలి. అప్పుడు పిల్లలకి తెలుస్తుంది ఫిజిక్స్ సార్ ఎవరో.

పాడేరు హాల్లో జడ్జీల ముందు సుష్మ స్టాండుకి స్ప్రింగు తగిలించి ఒక్క క్షణం ఆగింది. అది నాలుగు వేళ్ళు పొడుగైంది. చుట్ల మధ్య సందులు కనబడుతున్నాయి. దుర్గాప్రసాద్ కుర్చీ అంచుకి జరిగాడు. ఆమె వేళ్ళతో స్ప్రింగుని తడిమి, స్కేలు సున్నాని కొత్త కొసకి జరిపి, మొదటి అరకిలో వేసింది.

రెండు సెంటీమీటర్లు దిగింది.

రెండో రాయికి నాలుగు. మూడో రాయికి ఆరు. రత్న బోర్డు మీద భాగించింది. నాలుగు పాయింట్ తొమ్మిది న్యూటన్లు, పాయింట్ సున్నా రెండు మీటరు, రెండువందల నలభై ఐదు. తర్వాతది రెండువందల నలభై ఐదు. ఆ తర్వాతదీ అంతే. గ్రాఫు గీస్తే సున్నా నుంచి దారం లాగినట్టు తిన్నగా వచ్చింది.

దుర్గాప్రసాద్‌కి ఆ గీత నమ్మబుద్ధి కాలేదు. పాడుచేస్తే బాగుపడడమేమిటి?

జడ్జి, తలపండిన మాస్టారు ఒకాయన, స్ప్రింగు పట్టుకుని చూసి అన్నాడు, "కొత్త స్ప్రింగులో చుట్లు ఒకదాన్నొకటి బిగబట్టుకుని ఉంటాయి. మొదటి బరువంతా వాటిని విడదీయడానికే పోతుంది. దీన్నెవరో ముందే లాగి ఉంచారు. మంచి పని చేశారు."

"మావారండీ!" అంది సుష్మ. "మూడ్రోజులుగా అడుగుతున్నాను, నువ్వే చూసుకో అన్నారు. చెప్పాపెట్టకుండా ఆయనే లాగి పెట్టారు. ఇంట్లో ఉండేది మేమిద్దరమే మరి. చూడండర్రా, స్ప్రింగు పొడుగు మారింది గానీ దాని మంకుపట్టు మారలేదు. ముందూ కదలడం మొదలెట్టాక అరకిలోకి రెండు సెంటీమీటర్లే సాగింది, ఇప్పుడూ అంతే. మన ఫిజిక్స్ సార్‌కి చప్పట్లు కొట్టండి!"

హాలంతా వెనక్కి తిరిగింది. చప్పట్లు మోగాయి. ఏ చప్పట్ల కోసం ఏడాదిగా కుళ్ళిపోయాడో అవే చప్పట్లు. అవి కూడా ఆమె ఇస్తేనే వచ్చాయి. దుర్గాప్రసాద్‌కి అసూయ తగ్గలేదు సరికదా, ఇంకా పెరిగింది. ఇంత సులువుగా ఇచ్చేయగల మనసు కూడా ఆమెకే ఉండాలా?

అప్పుడు రత్న చెయ్యెత్తింది. "సార్, ఎంత లాగాలో మీకెలా తెలిసింది?"

అనుభవం అమ్మా, అంటే సరిపోయేది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. స్టాండు పక్కనుంచి సుష్మ అతనికేసి చూస్తోంది, పీట మీద కూర్చుని పాఠం విన్ననాటి చూపే. ఆ చూపుని అతను తట్టుకోలేకపోయాడు.

"తెలీదమ్మా" అన్నాడు. "పాడుచేద్దామనే లాగాను. అప్పడాల కర్ర దూర్చి లాగాను. కుక్కరు కూసింది, వదిలేశాను. లేకపోతే ఇంకా లాగేవాణ్ని."

హాలు పగలబడి నవ్వింది. సార్ భలే జోకు వేస్తారని ఎవరో అన్నారు. సుష్మ కూడా అందరితోపాటు నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ అతని ముఖంలోకి చూసి ఆగిపోయింది.

బహుమతి వచ్చింది. తిరుగుబస్సులో ముందు సీట్లో రత్న షీల్డుని ఒళ్ళో పెట్టుకుని నిద్రపోయింది. వెనక సీట్లో ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నారు, తూనికరాళ్ళ సంచి అతని కాళ్ళ దగ్గర ఉంది. తిడుతుందని ఎదురుచూశాడు. ఏడిచినా బాగుండుననుకున్నాడు. హుకుంపేట దాటాక ఆమె కిటికీలోంచి చూపు తిప్పకుండానే అంది.

"పెళ్ళైన ఇన్నేళ్ళకి నాకోసం చపాతీలు సేత్తన్నారని రాత్రి నిద్దరే పట్టలేదండీ నాకు. అంత సంతోషమేసింది."