కళ్లంలో చదువు

కొండమీద చదునైన నేల కావాలంటే కళ్లమే గతి. దొర బంగళా కింద ఒక రైతు కళ్లం ఉండేది. నూర్పులయ్యాక అక్కడే దొరగారి ఆడగుర్రానికి నేను చదువు చెప్పేవాణ్ణి. ఆ పనికోసమే నన్ను మైదానం నుంచి కొండెక్కించారు.

ఆ చదువుకి మెట్లున్నాయి. ముందు తిన్నగా నడవాలి, చెప్పినచోట రాయిలా నిలబడాలి. ఆ తర్వాత చిన్న పరుగు, దౌడు, గుండ్రంగా ఒక చుట్టు. మూడో మెట్టుకొచ్చేసరికి అదే చుట్టు రెండువైపులా తిరిగి, వెనక్కి నాలుగడుగులు వెయ్యాలి. ఏటా చలికాలంలో కింద పట్నంలో దొరల పోటీ. ఏడాదికో మెట్టు.

మొదటిరోజే రైతు వచ్చి చెప్పాడు.

"బాబూ, కుడేపే తిప్పండి. కళ్లంలో ఎదురు తిప్పితే పొలి పోతాది."

గింజ రాశిని పెంచే ఆ చలవ పోతుందంటే ఎవడు ఊరుకుంటాడు? మా ఊళ్లోనూ ఎడ్లను అలాగే తిప్పుతారు. చిన్నప్పుడు ఒకసారి ఎదురు తిప్పినందుకు మా నాన్న నా వీపు చిట్లగొట్టాడు. అందుకే గుర్రాన్ని కుడికే తిప్పాను.

రెండు మెట్లూ గెలిచాం. రెండో ఏడు చుట్టు మన ఇష్టమొచ్చిన వైపు తిరగవచ్చు. మేం కుడికే తిరిగాం.

మూడో ఏడు దొర వచ్చీరాని తెలుగులో, ఓడిపోతే గుర్రాన్ని అమ్మేస్తానన్నాడు. కొండమీద నాకు నా అన్నది ఆ గుర్రమొక్కటే. అయినా దొరకి అరచేతిలో వైకుంఠం చూపించాను. కుడికి తిరిగే గుర్రం ఎడమకి తిరగదా అనుకున్నాను. అంత తెలివితక్కువ ఆలోచన నా జన్మలో మళ్లీ చెయ్యలేదు.

పోటీలో కుడి చుట్టు తాడు పట్టి గీసినట్టు వచ్చింది. ఎడమకి కళ్లెం లాగితే ఆగిపోయింది. మడమ నొక్కితే, మంచి బుద్ధిగా, మళ్లీ కుడికే తిరిగింది. జనం నవ్వారు. దొర కోప్పడనైనా లేదు.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, ఆ వారమంతా లాయం ముందు ఎడమకి తిప్పబోయాను. అది కదల్లేదు. తర్వాత దాన్ని కొన్న ఉప్పు షావుకారు వచ్చి తోలుకుపోయాడు. ఆ పూట నేను అన్నం తిన్నాను, పడుకున్నాను, నిద్ర కూడా పట్టింది.

రెండు నెలలకి పెదబయలు సంతలో కనబడింది. వీపుమీద రెండు ఉప్పు బస్తాలు. నన్ను చూసి మూతి తెచ్చి నా భుజానికి ఆనించింది. ఎందుకో తాడు పట్టుకుని ఎడమకి తిప్పాను. బరువుతోనే, మెత్తగా, చుట్టంతా తిరిగేసింది.

"దీనికి ఎడమేపు తిరగడం ఎవులు నేర్పినారు, సావుకారూ?" అన్నాను.

షావుకారు నవ్వాడు. "నేర్పీదేటి బాబూ? ఘాటీ మలుపుల్లో ఎడమేటి, కుడేటి? తిరక్కపోతే లోయలో పడతాది."

తాడు ఆయన చేతికిచ్చేశాను. ఏడుపొస్తుందేమోనని కాసేపు అక్కడే నిలబడ్డాను. రాలేదు. ఇప్పటికీ రాలేదు.