ఊరి పేరు లేని రాయి

మా అత్త నా ఎదుట కూర్చొని మాట్లాడింది నా భార్య పోయిన తర్వాతే. అంతకుముందు ఏం చెప్పాలన్నా తలుపు చాటు నుంచే చెప్పేది. అల్లుడి ముందుకు రావడం వాళ్ళ కాలంలో పద్ధతి కాదు. కూతురు పోయాక నడుమ మాట అందించే మనిషి లేకుండా పోయింది. ఆమెకు కొడుకులు లేరు, నాకు పిల్లలు లేరు. జమ్మలమడుగులో ఒక్కతే ఉంటానని మొండికేసిన మనిషిని నేనే కోప్పడి ప్రొద్దుటూరికి తెచ్చుకున్నాను. ఇద్దరికీ చెవులు కొంచెం మందమే. మా మాటలు వీధి వీధంతా వినేది.

నాకు బంగారు అంగళ్ళ వెనక సందులో ఫోటో స్టూడియో ఉండేది. పెళ్ళిళ్ళూ పాస్‌పోర్టు ఫోటోలూ సరేగానీ, అసలు గిరాకీ పోయినవాళ్ళ పటాలదే. రేషన్ కార్డు మీది వేలెడంత బొమ్మ తెచ్చి "పెద్దది చెయ్యప్పా" అనేవాళ్ళు. మేం ఒంటికి కోటు తొడిగేవాళ్ళం, మూసుకున్న కళ్ళు తెరిపించేవాళ్ళం, బతికినన్నాళ్ళూ ఎడమొహం పెడమొహంగా ఉన్న మొగుడూ పెళ్ళాలను పక్కపక్కనే కూర్చోబెట్టేవాళ్ళం. సెల్‌ఫోన్లు వచ్చి నా నోట్లో మన్ను కొట్టాయి. ఇప్పుడు ఆ గదిలో జ్యూసు అంగడి నడుస్తోంది.

మా ఇంటి గోడ మీద అప్పట్లో మూడు పటాలు ఉండేవి. ఒకటి అత్త తల్లిది, ఒకటి అత్త భర్తది, ఒకటి నా భార్యది. మూడూ నా చేతి పనే. అత్త నాయన పటం మాత్రం లేదు. ఆయన్ను ఫోటో తీసినవాళ్ళే లేరు.

ఆయన రెండో ప్రపంచ యుద్ధంలో పట్టాళంలో చేరి బర్మాకు పోయాడు. అత్త అప్పటికి కడుపులో ఉంది. యుద్ధం ముగిశాక ఇంటికి వచ్చిన కబురు ఒక్కటే, మనిషి కనపడలేదని. చనిపోయాడని ఎవరూ చెప్పలేదు. అత్త తల్లిని అందరూ అవ్వ అనేవాళ్ళు, నేనూ అలాగే అంటాను. అవ్వ ఆ కనపడలేదన్న మాటను పట్టుకొని ఇంక వదల్లేదు. బొట్టు తీయలేదు, మెట్టెలు తీయలేదు. ఊళ్ళో వాళ్ళు చాటున నవ్వారు, పేరంటాలకు పిలవడం మానేశారు. ఆమె లెక్క చేయలేదు. అన్నం ముందు కూర్చునేటప్పుడు మాత్రం వీధి వాకిలి గడియ తీసి, తలుపులు బార్లా తెరిచి పెట్టేది. కుక్క దూరినా సరే, వాన జల్లు నట్టింట్లోకి కొట్టినా సరే. ఆకలితో వచ్చే మనిషి తలుపు తట్టి నిలబడే పని పెట్టకూడదనేది. ముసలిదై పోయినప్పుడు కూడా బొట్టుతోనే సాగనంపించుకుంది.

పెద్దల అమావాస్యనాడు మా వైపు పోయినవాళ్ళ పటాలు తుడిచి, బొట్టు పెట్టి, ఒక్కొక్కరి ముందు ఒక్కొక్క విస్తరి వేసి వడ్డిస్తారు. కొత్త బట్టలు పెడతారు. అవ్వ బతికి ఉన్నంత కాలం భర్తకు ఆ విస్తరి వేయనివ్వలేదు. వేస్తే ఆయన్ను చేజేతులా చంపినట్టేనని ఆమె బాధ. ఆమె పోయాక కూడా, తల్లి వద్దన్న పని చేయడానికి అత్తకు చేతులు రాలేదు.

ఒక ఏడాది వానాకాలం మొదట్లో అత్త ఉన్నట్టుండి ఎత్తుకుంది.

"ఈ అమావాస్యకన్నా మా నాయనకు పెట్టాలప్పా."

"ఇన్నేళ్ళు లేంది ఇప్పుడేం ముంచుకొచ్చింది?"

"ఎనబై దాటినాయి నాకు. నేను పోతే ఆయనకు ఒక ముద్ద పెట్టేవాళ్ళు యాడుండారు?"

"నేను పెడతాలే."

"దేని ముందర పెడతావు? వట్టి గోడ ముందరనా? ఆయన పోయినాడని ఈ ఇంట్లో గురుతు ఏముండాది?"

జిల్లాలో సగం మంది పోయినవాళ్ళకు మొహాలు తయారుచేసి ఇచ్చినవాణ్ణి, సొంత ఇంట్లో ఒక ముసలామె అడిగితే వట్టి చేతులు చూపించాల్సి వచ్చింది. ఆ మాట నాకు గుచ్చుకుంది.

పులివెందులలో నాకు తెలిసిన ఒక రిటైర్డ్ సుబేదారు ఉన్నాడు. ఆయన పెన్షన్ కాగితాలకు నేనే ఫోటోలు తీసేవాణ్ణి. బస్సెక్కి పోయి అడిగాను. రంగూన్ దాటి కొంత దూరం పోతే ఆ యుద్ధంలో పోయినవాళ్ళ కోసం కట్టిన చోటు ఉందని, శవం దొరకని సిపాయిల పేర్లు అక్కడ రాళ్ళ మీద చెక్కారని చెప్పాడు. "పేరుంటాది మామా. పోయి చూసుకోవాల" అన్నాడు. ఫోటో తెచ్చి పటం కట్టిస్తే అమావాస్యకు అందుతుందని నేను అక్కడే లెక్క వేసుకున్నాను. అత్తతో చెప్పాను. మరునాడు నా సంచీలోకి నిమ్మకాయ ఊరగాయ, కంది పొడి సర్దింది.

మా జిల్లాలో విమానం అంటే కువైటే. టికెట్టు కొనేచోట కుర్రవాడు నన్ను ఎగాదిగా చూసి, "ఈ వయసులో కువైట్‌కు ఏం పనికి పోతాండావు మామా?" అన్నాడు. బర్మాకన్నాను. "ఆడ ఎవురుండారు?" అన్నాడు. "మా వాళ్ళు ఉండారులే" అని తల తిప్పుకున్నాను. చెన్నై నుంచి విమానాలు మారి రంగూన్‌లో దిగేదాకా నాతో తెలుగు మాట్లాడిన మనిషి లేడు.

మరునాడు టాక్సీవాడు నన్ను ఆ చోట దించేటప్పటికి సన్నగా తుంపర పడుతోంది. రోడ్డు పక్కన ఎంత దూరం చూసినా పచ్చిక. దొరికినవాళ్ళకు ఆ పచ్చికలో తలా ఒక చిన్న రాయి పాతారు. నడుమ తెల్లటి స్తంభాలతో పొడుగాటి మంటపం ఉంది. దొరకనివాళ్ళ పేర్లు ఆ స్తంభాల మీద కింది నుంచి పైదాకా చెక్కి ఉన్నాయి. చూడటానికి వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే. దూరంగా ఒక తోటపని ఆమె వెదురు చీపురుతో తడి ఆకులు ఊడుస్తోంది. ఆ చీపురు చప్పుడు తప్ప ఇంకేం లేదు.

ఇక్కడ నా తెలివితక్కువతనం ఒకటి చెప్పాలి. మా గుళ్ళలో ట్యూబులైటు ఇచ్చినవాడు కూడా దాని మీద ఇంటిపేరు, తండ్రి పేరు, ఊరి పేరు రాయించుకుంటాడు. ఫ్యాను ఇస్తే రెక్కల మీద రాయిస్తాడు. ప్రాణం ఇచ్చినవాడికి ఊరి పేరు చెక్కకుండా ఉంటారని నేను కల్లో కూడా అనుకోలేదు. జమ్మలమడుగు అన్న ఒక్క మాట ఆ స్తంభాల మీద కనిపిస్తే చాలు, నా పని అయిపోయినట్టేనని పోయాను. ఆయన ఏ దళంలో పనిచేశాడో కూడా తెలుసుకోకుండా పోయాను.

పట్టాళం వారీగా పేర్లు, పేర్ల కింద పేర్లు. కూడబలుక్కుంటూ ఇంగ్లీషు చదివేవాణ్ణి కాబట్టి ఒక్కో స్తంభం ముందు చాలాసేపు పట్టేది. పంజాబు పేర్లు, గూర్ఖా పేర్లు, నోరు తిరగని ఆఫ్రికా పేర్లు పోయాక తెలుగు పేర్లు తగిలాయి. మా పాలాయన పేరు ఉంది. మైదుకూరు బస్సు కండక్టరు పేరు ఉంది. నా చిన్ననాటి అయ్యవారి పేరు ఉంది. పరాయి దేశంలో, వానలో, మా వీధి మనుషులు వరసగా నిలబడి హాజరు పలుకుతున్నట్టు ఉంది.

అత్త నాయన పేరు అక్కడే కనిపించింది. కళ్ళకు అద్దుకున్నాను. నాలుగు వరసల కింద అదే పేరు మళ్ళీ కనిపించింది. పక్క స్తంభం మీద ఇంకోసారి. ఆయనది అహోబిలం దేవుడి పేరు. మా సీమలో మొక్కుకొని కన్న కొడుకులందరికీ అదే పేరు పెడతారు, వీధిలో నిలబడి ఆ పేరు పిలిస్తే నలుగురు తిరిగి చూస్తారు. అన్ని స్తంభాలూ వెతకడానికి మరునాడు కూడా పోవాల్సి వచ్చింది. మొత్తం ఆరుగురు తేలారు. ఒకరికీ ఇంటిపేరు లేదు, తండ్రి లేడు, ఊరు లేదు. వట్టి పేరు.

నాకు కోపం ముంచుకొచ్చింది. ఎవరి మీదో తెలియదు. రాయి చెక్కినవాడి మీదా, ఫోటో కూడా తీయించుకోకుండా ఓడెక్కిన ఆ మనిషి మీదా, అందరికీ ఒకే పేరు పెట్టే మా వాళ్ళ మీదా. "మీలో మా అత్త నాయన ఎవురప్పా?" అని గట్టిగానే అడిగాను. చీపురు ఆగింది. ఆమె నా వైపు చూసి మళ్ళీ ఊడ్చుకుంది.

మబ్బు వెలుతురులో, వాన తగలని ఆ తెల్లరాయి మీద అక్షరాలు ఫోటోలో పడటం లేదు. రాయి తడిస్తే అక్షరం తేలుతుందని, తాగడానికి తెచ్చుకున్న నీళ్ళు దోసిట్లో పట్టి మొదటి పేరు మీద పోశాను. అక్షరాలు నల్లగా లేచాయి. కెమెరా నొక్కాను. రెండోదానికి, మూడోదానికి అలాగే పోస్తూ పోయాను. నాలుగో పేరు దగ్గర నా చెయ్యి ఆగిపోయింది. పోయినవాళ్ళ పేరు చెప్పి నీళ్ళు వదలడం కొడుకులు చేసే పని. ఈ ఆరుగురికీ ఆ పని చేయడానికి ఎవరైనా ఇక్కడి దాకా వచ్చారో లేదో. నా తర్వాత నాకు వదిలేవాడు కూడా లేడని అప్పుడే గుర్తొచ్చింది. ఆ మంటపంలో నేను అంత ఒంటరివాణ్ణని నాకు అంతవరకు తెలియలేదు. మెట్టు మీద కూర్చొని కాసేపు ఏడ్చి, లేచి మిగిలిన మూడు తీశాను.

తిరుగు దారిలో చెన్నై నుంచి బస్సులో వస్తూ ఒకటే ఆలోచన. ఆరింటిలో బాగా పడిన ఫోటో ఒకటి తీసి, ఇదే మీ నాయనది అని చెబితే ఆమెకు తెలిసేది కాదు. లేని కోటు తొడగడం నాకు కొత్తా? కానీ మిగతా ఐదింటినీ ఎక్కడ దాచాలో తోచలేదు. ఇంటికి రాగానే ఆరూ ప్రింట్లు వేయించి మంచం మీద పరిచాను.

అత్త ఇంగ్లీషు చదవలేదు. ఒక్కో బొమ్మనూ చేత్తో తడిమింది.

"ఇందులో మా నాయన ఎవురు?"

"తెలీదత్తా. అందరిదీ అదే పేరు. ఊరు రాయలే."

"ఈళ్ళల్లో ఉండాడంటావా, లేడంటావా?"

"ఉండచ్చు. లేకపోనూవచ్చు. ఇంత దూరం పోయి ఇంతే తెచ్చినా" అన్నాను.

ఆమె ఆరు బొమ్మలనూ ఒకదాని మీద ఒకటి పేర్చి పెట్టింది. తర్వాత, "వానలో తడిసినట్టుండావు, తలకు నూనె పెట్టుకో పో" అంది. మరునాడు పొద్దున్నే ఆరింటికీ పటాలు కట్టించమంది. గోడకు మేకులు కొట్టబోతే మాత్రం వద్దంది. కింద పీట మీద నిలబెట్టమంది.

అమావాస్యనాడు ఓళిగలు, అలసంద వడలు, పాయసం అన్నీ తనే చేసింది. వంటింట్లోకి నన్ను రానివ్వలేదు. గోడ మీది ముగ్గురికీ మూడు విస్తళ్ళు వేసింది, పీట ముందు ఆరు వేసింది. ఆరుగురికీ ఒక్కొక్క కొత్త తువ్వాలు పెట్టింది. వీళ్ళలో ఐదుగురు మనకు ఏమీ కారు కదా అన్నాను. "ఈళ్ళ ఇండ్లల్లో గూడా కనపడలేదనే కబురు పోయింటాది" అంటూ వడ్డించుకుంటూ పోయింది. చివర ఇద్దరం మా ఆకుల ముందు కూర్చున్నాం. నేను ముద్ద కలపబోయాను.

"ఉండప్పా" అంది. "మా నాయన ఈళ్ళల్లో ఉంటే తింటాడు. ల్యాకపోతే ఇంగా దోవలో ఉండాడు. పోయి వాకిలి గడియ తీసిరా."

లేచి పోయి తీశాను. వీధిలో ఎండ తెల్లగా ఉంది. ఒక ఆటో పోయింది. తిరిగి వచ్చి చూస్తే ఆమె అవ్వ పటం వైపు చూస్తూ కూర్చొని ఉంది. అవ్వ బొట్టు అద్దం మీద కొత్తగా ఎర్రగా ఉంది.

ఆ మరుసటి ఎండాకాలం అత్త పోయింది. ఆమె పటం అవ్వ పక్కనే పెట్టాను. ఉన్నది ఉన్నట్టే చేశాను, ముడతలు కూడా చెరపలేదు. ఇంటికి ఎవరైనా వస్తే పీట మీది ఆరు పటాలు చూసి, ఈ ఇంగ్లీషు రాతలు ఏందని అడుగుతారు. బంధువులంటాను.

మొన్న అమావాస్యకు వంట నేనే చేశాను. ఓళిగలు నాకు రావు, అంగట్లో తెచ్చాను. గోడ మీది నలుగురికీ వేశాను, పీట మీది ఆరుగురికీ వేశాను. నాకు ఒక ఆకు వేసుకొని కూర్చున్నాను. కూర్చున్నవాణ్ణి మళ్ళీ లేచి పోయి, వాకిలి గడియ తీసి, తలుపులు రెండూ బార్లా తెరిచి వచ్చాను. అన్నం చల్లారేదాకా ముద్ద ఎత్తలేదు.