టీకా మాట దిద్దుకోవడానికి పులివెందుల ప్రయాణం

నేను గాజుల వర్తకుణ్ణి. ప్రొద్దుటూరు నుంచి పులివెందుల దాకా నా గాజులతో పాటు నా కబుర్లూ ఇంటింటికీ చేరేవి. టీకా వేయించుకుంటే ముట్టు నిలిచిపోతుంది, ఇక పిల్లలు పుట్టరు అన్న పుకారు కిందటేడు నేను చల్లిందే. జమ్మలమడుగు మాబున్నీకి టీకా తర్వాత నెల నిలిచిందని విన్నాను. మిగతాది నేనే కల్పించాను. ఇప్పుడు వేంపల్లెలో మశూచి వచ్చింది. పక్కనే పులివెందులలో కొత్తగా కాపురానికి వెళ్ళిన మా చెల్లెలి కూతురు నాగమ్మ, నా మాట పట్టుకుని టీకా వద్దంటోందని తెలిసింది. మర్నాడు ఆరింటి బస్సెక్కాను.

ఏడున్నరకు జమ్మలమడుగు. మాబున్నీ ఒడిలో మగపిల్లవాడు.

"నెల నిలిచింది నిజమే గాజులన్నా. ఎందుకు నిలిచిందో ఈన్నే అడుగు!" అని పిల్లవాణ్ణి నా చేతిలో పెట్టింది. వాడు నా మీసం పట్టుకున్నాడు.

సంగతంతా చెప్పాను. "నువ్వు పోయి చెప్తే ఎవురు నమ్ముతారు? ముట్టు సంగతి మొగోడు చెప్పేదేంది? ఎట్లాగూ ఆడ మా అమ్మను చూడాల. పద" అంది.

తొమ్మిదింటికి పులివెందుల బస్సు దొరికింది. పొద్దున వెళ్ళేవారు కుడివైపు కూర్చోవడం మేలు, ఎండ తగలదు. ముద్దనూరులో బస్సు అరగంట ఆగుతుంది. అక్కడి ఉగ్గాని, బజ్జీ తప్పక తినాలి.

మధ్యాహ్నానికి చేరాం. నాగమ్మ వసారాలో విడిగా కూర్చుని ఉంది.

"దగ్గరికి రావద్దు మామా, దూరమున్నా" అంది.

నేను ఆగిపోయాను. మాబున్నీ తిన్నగా వెళ్ళి పక్కనే కూర్చుని, మీ మామ చెప్పింది నా సంగతే, నా నెల నిలిచింది వీడు కడుపున పడి అంటూ పిల్లవాణ్ణి చూపించింది. నాగమ్మ పిల్లవాణ్ణి చాలాసేపు చూసి, గొంతు తగ్గించి అడిగింది.

"ముట్టులో ఉండంగా ఏయించుకుంటే ఏం కాదా అక్కా?"

"నాకు ఏసినప్పుడు నేనూ దూరమే ఉన్నా. చెయ్యి శానా దురద పెట్టె, అంతే."

వీధి చివర టీకాలు వేస్తున్న ఆయన్ను పిలుచుకొచ్చాను. టీకాకూ ముట్టుకూ సంబంధం లేదనీ, కడుపుతో ఉన్నవాళ్ళు మాత్రం ఆ సంగతి ముందే చెప్పాలనీ ఆయన వివరించాడు.

"నన్ను తాకితే మీకు మైల గదా?" అంది నాగమ్మ.

"ఇంటికి పోయి నీళ్ళు పోసుకుంటాలే తల్లీ."

"అట్లయితే ముందు మా మామకు ఏయండి. చూస్తా."

నేనింతవరకూ టీకా వేయించుకోనేలేదు. కళ్ళు మూసుకుని చెయ్యి చాపి, గట్టిగానే అరిచాను.

"గాజులు తొడిగేటప్పుడు మేమిట్ల అరిస్తామా?" అని ఎదురింటి ముసలమ్మ వెక్కిరించింది. వీధంతా నవ్వింది. నవ్వుతూనే నాగమ్మ చెయ్యి చాపింది. ఆమె వెనక ముసలమ్మ తన కోడళ్ళను తోసుకొచ్చింది.

మాబున్నీ తల్లి దగ్గర ఆగిపోయింది. నాలుగింటి బస్సులో కిటికీ పక్కన చోటు దొరికింది. వెనక సీటులో ఒకామె తోటి ఆమెతో అంటోంది: "టీకా ఏస్తే కడుపు పండదంట. ఎవురో గాజులాయన చెప్పినాడంట."

లేచి నిలబడ్డాను. "ఆ గాజులాయన నేనేనమ్మా. అది అబద్ధం."

ఇక ప్రశ్నల మీద ప్రశ్నలు. ముద్దనూరులో కొత్తవాళ్ళు ఎక్కారు, మళ్ళీ మొదట్నుంచీ చెప్పాను. కూర్చోవడానికి వీలే దొరకలేదు. జమ్మలమడుగు దాకా నిలబడే వచ్చాను. మొత్తం మీద సుఖప్రయాణం.