ఓడ విరగ్గొట్టింది మస్తాన్ కాదు

1958లో నన్ను కళ్యాణదుర్గం సెక్షన్‌కు సూపర్వైజరుగా వేశారు. కరువు పనుల కింద ఊరి బావులను లోతు చేయించడం నా బాధ్యత. నా పైన అసిస్టెంట్ ఇంజనీరు, నా కింద మస్టర్ రోల్ మనుషులు. మస్టర్ రోల్ అంటే రోజుకూలి. తీసేయడానికి విచారణ కూడా అక్కరలేదు. మా కమ్మరి మస్తాన్ అలాంటివాడు.

"బందరులో ఓడ విరగ్గొట్టిన మస్తాన్" అని మా ఆఫీసులో ఒక నవ్వులాట కథ ఉంది. నా వీడ్కోలు సభలోనూ చెప్పారు. ఆ కథ తప్పు.

బావిలో పగలగొట్టిన బండలను తాడు చుట్టుకునేలా చేతితో తిప్పే వించితో పైకి లాగేవాళ్లం. పిడి జారితే బండ తిరిగి మనుషుల మీదికే. ఆ ఎండాకాలం ఒకతని భుజం అలాగే పోయింది. బందరు రేవులో పాత ఇనుప సామాను వేలం వేస్తున్నారని తెలిసి మస్తాన్‌ను వెంటబెట్టుకుని వెళ్లాను.

ఒకప్పుడు దేశదేశాల ఓడలు వచ్చిన రేవు అది. ఇసుక మేట వేసి, ఓడలు ఇప్పుడు దూరంగా సముద్రంలోనే ఆగుతున్నాయి. వేలం సామానంతా తుప్పే. కానీ ఒక గిడ్డంగిలో పాత ఓడల వస్తువులు భద్రంగా దాచి ఉంచారు. వాటిలో లంగరు లాగే వించి ఒకటి. దాని పళ్ల చక్రం మీద ఇనుప నాలుక పడి ఉంటుంది. పిడి వదిలేసినా లంగరు వెనక్కి జారదు. మాకు కావలసింది అదే.

"చూడండి గానీ ముట్టుకోకండి బాబూ," అన్నాడు కాపలా పెద్దాయన.

"ముట్టకుంటే యెట్ల తెలుస్తాది పెద్దాయనా? ఆడ మా తలకాయలు పగులుతాండాయి," అన్నాడు మస్తాన్.

పెద్దాయన అవతలికి వెళ్లగానే, కొలతలు తీసుకోవడానికి నాలుక మేకు ఊడగొట్టమని మస్తాన్‌తో అన్నాను.

"తుప్పు పట్టిండాది సార్. ఇరుగుతాది."

"కొట్టు," అన్నాను. నాలుక రెండు ముక్కలైంది.

ఊరికొచ్చి ఆ ముక్కల కొలతలతోనే మస్తాన్ కొత్త నాలుక చేసి మా వించికి బిగించాడు. అంతలో బందరు నుంచి ఫిర్యాదు వచ్చింది. అసిస్టెంట్ ఇంజనీరు ఇద్దరినీ నిలబెట్టి, ఎవరి పని అని అడిగారు. నేను నోరు విప్పలేదు. మస్తాన్ నావైపు చూశాడు. "సుత్తి నా చేతిలోనే ఉండె సార్," అన్నాడు. మర్నాటి నుంచి అతనికి పని లేదు.

తర్వాత ఒక రోజు, బావిలో ముగ్గురు ఉండగా వించి పిడి జారింది. నాలుక పట్టుకుంది. బండ సగంలో ఆగి వేలాడింది.

అందుకే ఆ మేకు కొట్టించినందుకు నేను ఎవరికీ క్షమాపణ చెప్పను. ఆ గిడ్డంగిలో మళ్లీ నిలబెట్టినా మళ్లీ కొట్టమంటాను. నా తప్పు బందరులో జరగలేదు, ఆఫీసులో జరిగింది.

కొన్నేళ్లకు పామిడిలో బండిచక్రాలకు పట్టాలు వేస్తూ కనిపించాడు మస్తాన్.

"ఏం సార్, ఈడేమన్నా ఇరగ్గొట్టాల్నా?" అని నవ్వాడు. నిజం ఆఫీసులో చెప్తానన్నాను. "అప్పుడు సెప్పాల్సింది," అని కొలిమి వైపు తిరిగాడు.

కొట్టమన్నది నేను. పని చెప్పినవాడు, జవాబు అడిగినప్పుడు ముందుగా మాట్లాడాలి. ఉద్యోగంలో ఉండగా నేను చేయని పని అది ఒక్కటే.