జిగురులో కారం కలిపిన నక్షత్రం

మా చిన్నప్పుడు... పర్చూరు దగ్గర మా ఊళ్ళో క్రిస్మస్ నక్షత్రం కొనుక్కోవడమనే మాటే లేదు. వెదురు బద్దలు చీల్చి, ఎర్ర కాగితం అంటించి మా కరుణక్కే చేసేది. మైదా జిగురు ఉడికించేటప్పుడు అందులో గుప్పెడు కారం కలిపేది... లేకపోతే అటక మీది ఎలుకలు జిగురు రుచి మరిగి నక్షత్రాన్నే భోంచేసేవి.

"కూరలోకే చాలడంలేదు, కాగితాలక్కూడా కారమా?" అని అమ్మ సణిగేది.

ఆ ఏడు ఇంకో చిక్కొచ్చింది. ఏరిన పత్తంతా వసారాలోనే పోశాం. ఏడాది తిండీ బట్టా అన్నీ ఆ కుప్పలోనే ఉన్నాయి. "ఈసారి దీపం వద్దమ్మా, ఉత్త నక్షత్రమే కట్టుకో" అన్నాడు నాన్న.

"వెలగకపోతే అది నక్షత్రమెట్టా అవుద్ది నాన్నా" అని అక్క అన్నం మానేసి కూర్చుంది. చివరికి నాన్నే మెత్తబడి, వాకిట్లో గడ పాతి నక్షత్రం కట్టి, లోపల కిరసనాయిలు బుడ్డి పెట్టాడు.

పండగ ముందురోజు పొద్దుగూకే వేళ... అందరం లోపల ప్రార్థనకు మోకరించాం. బయట గాలి లేచింది. కాసేపటికి నాకు గొంతులో ఒకటే గరగర. కళ్ళు తెరిస్తే అమ్మ మొట్టికాయ వేస్తుందని బిగపట్టుకున్నాను. ఇంతలో అమ్మే దగ్గింది. ప్రార్థన చేస్తున్న నాన్నకు కూడా దగ్గు తెర అడ్డొచ్చింది.

"పొయ్యి మీద మిరపకాయలేమన్నా మాడుతున్నాయా?" అంది అమ్మ.

"పొయ్యి ఎప్పుడో ఆర్పేశాగా..." అంటూనే అక్క ఆగిపోయింది. "నాన్నా, నా జిగురు" అని బయటికి ఉరికింది.

గాలికి గడ వసారా మీదికి ఒరిగిపోయింది. నక్షత్రం ఒక మూల అంటుకుంది... దాని కిందే పత్తి. అక్క ఒట్టి చేతుల్తో నక్షత్రాన్ని పీకి వాకిట్లోకి విసిరేసింది. నాన్న దాని మీద మట్టి కుమ్మరించాడు.

అక్క ఏడుస్తుంటే నాన్న ఆమె కాలిన అరచేతికి వెన్న రాస్తూ, "పత్తి దక్కింది కదమ్మా... నీ కారమే కాపాడింది" అన్నాడు.

మరుసటేడు అమ్మే కారం డబ్బా తెచ్చి జిగురు గిన్నె పక్కన పెట్టింది.

ఇప్పుడు మా మేడ మీద కరెంటు నక్షత్రం... దానంతటదే వెలుగుతుంది, దానంతటదే ఆరుతుంది. ఎలుకలూ ముట్టవు, మేమూ ముట్టం. మీ ఇళ్ళలో జిగురులో ఏం కలిపేవాళ్ళో చెప్పండి...

మొన్న అక్క వచ్చి, మచ్చపడ్డ ఆ చెయ్యి కళ్ళకు అడ్డం పెట్టుకుని ఆ కరెంటు నక్షత్రాన్ని కాసేపు చూసింది.

"బాగానే ఉందిగానీ... ఉప్పూకారం లేదే" అంది.