మసీదు మెట్ల కింద నాలుగొందల జతల చెప్పులు

పొద్దుటి నమాజు అయ్యాక మా పేట కుర్రాడు అఫ్రిజాల్ ఏ రోజూ నేరుగా ఇంటికి పోయేవాడు కాదు. మసీదు గుమ్మం పక్కన గడియారం పట్టుకుని నిలబడి, జనం బయటికి రావడానికి ఎంతసేపు పడుతోందో చూసి రాసుకునేవాడు. "ఏం నాయనా, మా ఆయుష్షు కొలుస్తున్నావా?" అని ముసలివాళ్ళు ఆటపట్టించేవారు. నవ్వేవాడు, రాసుకునేవాడు.

సముద్రం ఒడ్డునున్న మా పడాంగ్ ఊళ్ళో భూమి గట్టిగా కదిలిందంటే వెనకాలే సముద్రం రావచ్చని చిన్నపిల్లలకీ తెలుసు. కొండ రెండు మైళ్ళ దూరం. అందుకే మా పేట మసీదు పై అంతస్తును ఆపద వేళ ఎక్కే చోటుగా గుర్తింపజేయాలని అఫ్రిజాల్ రెండేళ్ళు ఆఫీసుల చుట్టూ తిరిగాడు. అతని కంప్యూటర్లో మా పేటంతా ఉంది. మేం నాలుగొందల మందిమీ చుక్కలం. మీట నొక్కితే చుక్కలన్నీ పరుగెత్తి మెట్లెక్కేస్తాయి. ఎనిమిది నిమిషాలు.

"ఇందులో నేనేదిరా?" అంది కొబ్బరి పులుసులో లొంతోంగ్ అన్నపు ముద్దలు వేసి అమ్మే రోస్‌మానియార్ పిన్ని.

"అదిగో పిన్నీ, ఆ పసుపు చుక్క."

"అంత సన్నగా ఉన్నానా!" పిన్ని మురిసిపోయి ఆ పూట అతని పళ్ళెంలో ఇంకో గుడ్డు వేసింది.

ఆఫీసువాళ్ళు పెట్టిన షరతు ఒకటే. పదిహేను నిమిషాల్లో అందరూ పైకి చేరాలి. లేకపోతే జాబితాలోంచి మసీదు పేరు కొట్టేస్తారు, మోకాళ్ళ నొప్పుల పిన్ని కొండదాకా నడవాలి.

పరీక్ష రోజు సైరన్ మోగింది. బాగానే పరుగెత్తాం. మెట్ల దగ్గరికొచ్చి అందరం ఆగిపోయాం. వంగి చెప్పులు విప్పాం. విప్పి ఊరుకున్నామా? దిగేటప్పుడు వీలుగా ఉండాలని బయటివైపు తిప్పి వరసగా పెట్టాం. పిల్లలు పెద్దవాళ్ళ చెప్పులు కూడా సర్దారు. నేనూ విప్పాను, అబద్ధమెందుకు?

"మీరు పదండి మామా," అని ఒకరు.

"అయ్యో, పెద్దదానివి, నువ్వు ముందు ఎక్కక్కా," అని ఇంకొకరు.

"సముద్రం వచ్చేస్తోంది, ఎవరో ఒకరు ఎక్కండర్రా!" అని పైనుంచి అఫ్రిజాల్ అరిచాడు.

"వస్తే రానీ! చెప్పులతో దేవుడి ఇంట్లోకి వస్తామా?" అంది పిన్ని, తన జత మీద పడ్డ ఎవరి చెప్పునో తీసి సర్దుతూ.

ఇరవై ఒక్క నిమిషాలు. లెక్క చూడ్డానికొచ్చిన అధికారి కూడా కిందే కూర్చుని బూటు తాళ్ళు విప్పుకుంటున్నాడు. అందుకే కాబోలు, సిగ్గుపడి, ఆదివారం ఇంకొక్కసారి చూస్తానన్నాడు.

"చుక్కలకు చెప్పులు తొడగడం మరిచిపోయాను," అన్నాడు అఫ్రిజాల్. తొడిగి, మెట్ల దగ్గర విప్పించి చూశాడు. సరిగ్గా ఇరవై ఒకటే వచ్చింది.

ప్రాణం కాపాడుకునే వేళ చెప్పులతో ఎక్కినా దేవుడు తప్పు పట్టడని ఇమాంగారు చెప్పారు. అందరం తలలూపాం. ఊపి, "మరి మావర్ది మామ ఊరుకుంటాడా?" అనుకున్నాం. ముప్ఫై ఏళ్ళుగా రోజుకు మూడుసార్లు ఆ మెట్లు తుడిచేది ఆయనే. మెట్టు మీద తడి పాదం ముద్ర పడితే ఆయన ఏమీ అనడు, అలా చూస్తాడంతే. ఆ చూపుకే భయం.

శనివారం పొద్దున్న అఫ్రిజాల్ ఆయన చేతిలోని తడిగుడ్డ అందుకుని, నాలుగు మెట్లు తనే తుడిచి, ఐదో మెట్టు మీద కూర్చున్నాడు.

"మామా, మీరొక ఉపకారం చెయ్యాలి. రేపు సైరన్ మోగగానే అందరికన్నా ముందు మీరే ఎక్కండి. చెప్పులతో. మిమ్మల్ని చూస్తే గానీ ఎవరూ ఎక్కరు. ఆ చెప్పులు కాస్త బురదవైతే మరీ మంచిది."